మొదలు

సాల్మీ రోడ్డు మీద గంట పోయినాక
నాలుగు గుడారాలు, ఒక జనరేటరు,
బియ్యం మూటలు, నేను.
చలికాలమొస్తే వీళ్ళకు ఎడారిలో విడిది.
నాకు అదే వంట, పైన ఇసుక.

హస్సా అవ్వకు చూపు సగం పోయింది.
తెల్లారకముందే లేపుతాది, "యల్లా, చౌడా, ఫగా!"
చౌడేశ్వరి నా పేరు.
పదేండ్లకు అంతమటుకు మిగిలింది.

ముందు నేను, నా భుజం మీద ఆమె చెయ్యి.
నేల చూడమంటాది.
ఏముంది చూసేదానికి,
పెనం మీద మర్చిపోయిన రొట్టె మాదిరి నేల.
"పగులు చూడు. లోపల్నుంచి ఎవరో
తలతో పొడిచినట్టు చిన్న ఉబ్బు.
పక్కన రుగ్రూగ్ మొక్క ఉంటాది."
ఉంటాది, నిజమే.
కత్తి వద్దంటాది. వేలితో తవ్వాల.
ఆలుగడ్డ మాదిరి వస్తాది,
కాడ లేదు, గొడుగు లేదు.
తెల్లదాన్ని ముక్కుకు తాకించి జుబైదీ అంటాది,
ఎర్రదాన్ని ఖలాస్ అంటాది.
ఒక్కసారీ తప్పలేదు.

"వీటిని ఉరుము కంటాది" అంది ఒక దినం.
తట్ట కింద పెట్టి నవ్వినాను.
మా పాలకొండల కింద గూడా అదే మాట,
ఉరిమిన మూడో దినం పుట్టల చుట్టూ వెతుకు, అని.
సముద్రానికి ఆ పక్కా ఈ పక్కా
ఒకే ఉరుముకు పురుడు పోస్తున్నాం ఇద్దరం.

ఆ మధ్యాన్నం మనవరాలు దానా
ఒకటి పీక్కోనొచ్చింది.
జానెడుంది. విప్పని గొడుగు.
ఒంటి నిండా తెల్లటి పొలుసులు,
తడిసిన గొర్రెబొచ్చు లేచినట్టు.
ఇసుకలో ఒంటరిగా నిలబడిందంట,
మీటింగు అయిపోయినాక మైకు మాదిరి.

డ్రైవరు రఫీకుల్ తినొచ్చన్నాడు.
బాబా ఫోను తీసి బొమ్మ పట్టినాడు, నెట్‌వర్కు లేదు.
అవ్వ తడిమి, మూతి ముడిచి, ఫగా కాదు అంది.
ఏది కాదో చెప్పింది గానీ ఏదో చెప్పలేదు.
అప్పుడు అందరూ నన్ను చూసినారు.
పుట్టగొడుగుల సీమదాన్నని
ఎప్పుడో నేనే చెప్పుకున్నా, గొప్పకు.

నాకు నేర్పింది యానాది అంకమ్మ.
తల కింద రెక్కలు చూడు.
కాడకు గాజు ఉందేమో చూడు.
మొదలంటా తవ్వు, సగంలో తుంచొద్దు,
అడుగున గుడ్డుపెంకు మాదిరి సంచి కనపడితే
చేతులు కడుక్కోని ఇంటికి పో.
వెండి నల్లబడకుంటే మంచిదంటారు,
చీమ ముట్టితే మంచిదంటారు,
అవన్నీ బతికినోళ్ళు చెప్పేవి.
సచ్చినోళ్ళు వచ్చి కాదని చెప్పరు గదా.

నిలువునా చీల్చినాను.
రెక్కల్లేవు. గాజు లేదు.
కట్టె మాదిరి కాడ, దాని చుట్టూ నల్లటి పొడి,
కాటుక డబ్బీ బోర్లించినట్టు.
గాలికి లేచి దానా మూతి మీద పడింది.
మీసాలొచ్చినాయని ఎగిరింది పిల్ల.
మా పుట్ట మీద ఇట్లాంటిదే చూసినా చిన్నప్పుడు.
లేతది తింటారు అన్నట్టుంది అంకమ్మ,
తినరు అన్నట్టు గూడా ఉంది.
"అన్నట్టుంది" మీద బిడ్డకు కూడు పెట్టలేను.

అరబ్బీలో నాకు వంటింటి మాటలొచ్చు,
ఆస్పత్రి మాటలు, బతాకా ఆఫీసు మాటలు.
నాకు తెలియదనే మాట మాత్రం
పని పోతాదని ఎన్నడూ వాడలే.
"మా అద్రీ" అన్నాను.
ఎవరూ ఏమీ అనలే.
రఫీకుల్ టైరుకు గాలి కొట్టబోయినాడు.

సిగ్నలు అందే మిట్టెక్కి అంకమ్మ మనవడికి బొమ్మ పంపించినా.
మూడో దినం ఆమె గొంతే వచ్చింది,
వెనక మేకల అరుపులతో సహా.
"మొదలేది పాపా?
మొదలు చూపీకుండా పేరడిగితే ఎట్లా చెప్పేది?"

నిజమే. దానా సగానికి తుంచి తెచ్చింది.
తెల్లారి టార్చి పట్టుకోని పోయినా.
భుజం మీద చెయ్యి పడింది. "ఫగా?" అంది అవ్వ.
కాదన్నాను.
ఏంది మరి, అని అడగలే.
నా పక్కన గొంతుక్కూర్చోని
ఆమె గూడా వేలితో తవ్వతా ఉంది.